కొబ్బరి కొట్టు మీద మేడగదిలో లాంగ్వేజ్ డిజైన్ క్లాసు: 6,000 పెట్టొచ్చా?

ముందు లెక్కలు చెప్పేస్తాను. ఫీజు 6,000. ఆరు ఆదివారాలు, పొద్దున్న తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా. అమలాపురంలో కాలవ వైపు ఒక కొబ్బరి కొట్టు, దాని పక్క మెట్లెక్కితే మేడగది, పన్నెండు కుర్చీలు, ఒక తెల్లబోర్డు, రెండు ఫ్యాన్లు. వాటిలో తిరిగేది ఒకటే. నేర్పేది ఏంటంటే ఒక ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌ని (సమాచారాన్నీ దాంతో చేసే పనుల్నీ ఆబ్జెక్ట్ అనే ఒకే మూటగా కట్టి రాసే కంప్యూటర్ భాష) సొంతంగా తయారు చెయ్యడం, అది కూడా ‘జావాలో ఉంది కాబట్టి మనమూ పెడదాం’ అన్నట్టు కాకుండా ఆబ్జెక్ట్ కాల్క్యులస్ అనే చిన్న సిద్ధాంతం పట్టుకుని, దాంట్లోంచి ఒక్కో ఫీచరూ లాగడం. కోనసీమలో ఇలాంటి క్లాసు ఉందంటే నేనే నమ్మలేదు. మా తమ్ముడు కరపత్రం ఫొటో పంపితే ఏదో కోచింగ్ సెంటర్ హడావుడి అనుకున్నాను.

పేరు రాయట్లేదు. కింద నాలుగైదు ఫిర్యాదులు ఉన్నాయి, మాస్టారు చెడ్డవారు కాదు, ఊళ్లో అందరికీ తెలిసిన మనిషి, ఎందుకొచ్చిన గొడవ. నిజంగా వెళ్దామనుకునేవాళ్లు విడిగా అడిగితే చెబుతాను.

నా సంగతి కొంచెం. రావులపాలెం దగ్గర ఇంటి నుంచే పని చేస్తాను, తొమ్మిదేళ్లుగా జావా. ‘ఇన్‌హెరిటెన్స్ అంటే ఏంటి’ అని ఇంటర్వ్యూలో అడిగితే నిద్రలో కూడా చెప్పగలను. ఇది ఎందుకిలా ఉంది అని మాత్రం ఎప్పుడూ ఎవరినీ అడగలేదు, ఎవరూ నన్నూ అడగలేదు. క్లాసుకి వెళ్తున్నానని చెబితే మా అమ్మ ‘కాల్క్యులస్ ఇంటర్లోనే అయిపోయింది కదరా’ అంది. ఇది ఆ కాల్క్యులస్ కాదు, ఇంటిగ్రేషన్లూ డిఫరెన్షియేషన్లూ ఏమీ ఉండవు. ఒక రాతని ఇంకో రాతగా మార్చే రూల్సు, అంతే. 1930లలో అలొంజో చర్చ్ ఫంక్షన్ల కోసం లాంబ్డా కాల్క్యులస్ పెట్టాడు. ఆబ్జెక్ట్‌ల కోసం అలాంటిది మార్టిన్ అబాదీ, లూకా కార్డెల్లీ అనే ఇద్దరు 1990లలో పెట్టారు, 1996లో పుస్తకం కూడా వేశారు. అప్పటికి ఆబ్జెక్ట్‌లు పుట్టి ముప్పయ్యేళ్లు కావస్తోంది. నార్వేలో డాల్, నైగార్డ్ అనే ఇద్దరు సిమ్యులా అనే లాంగ్వేజ్ చేసింది 1960లలో. అంటే ముందు వంట చేసుకుని తినేసి, ఉప్పు ఎంత పడిందో తర్వాత తీరిగ్గా చూసుకున్నారన్నమాట.

మొదటి ఆదివారం మాస్టారు బోర్డు మీద నాలుగే నాలుగు రాశారు. పేరు. ఆబ్జెక్ట్. మెథడ్‌ని (ఆబ్జెక్ట్ చేసే పనిని) పిలవడం. మెథడ్‌ని మార్చడం. ‘ఇంతేనండి, ఇంకేం లేదు’ అన్నారు. ఆబ్జెక్ట్‌లకి అచ్చులాంటి క్లాసు లేదు, వాటిని తయారు చేసే కన్‌స్ట్రక్టర్ లేదు, ఫంక్షన్ కూడా లేదు. నా పక్కన రాజోలు నుంచి వచ్చిన అమ్మాయి ‘ఫీల్డ్ లేదేంటండి?’ అంటే (ఫీల్డ్ అంటే ఆబ్జెక్ట్‌లో విలువ దాచుకునే గడి), తనని తాను వాడుకోని మెథడే ఫీల్డ్ అన్నారు. ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. ప్రతి మెథడ్‌కీ ముందు ఒక సిగ్మా గుర్తు, దాని పక్కన ఒక పేరు ఉంటుంది. ఆ పేరు ఈ ఆబ్జెక్ట్‌నే చూపిస్తుంది, జావాలో దిస్ లాంటిదే. మెథడ్ ఒంట్లో, అంటే దాని లోపలి రాతలో, ఆ పేరు ఎక్కడా వాడకుండా ఊరికే 3 అని రాస్తే అదే ఫీల్డ్. ఆ సిగ్మా కూడా మామూలు సిగ్మా కాదు, గ్రీకులో పదం చివర మాత్రమే వచ్చే రూపం. మన పాత పుస్తకాల్లో పదం చివర నకారపొల్లు వేరే ఆకారంలో ఉండేది చూశారా, అలాంటిదే. ఇది మాస్టారు చెప్పలేదు, మా బ్యాచ్‌లో ఒక రిటైర్డ్ తెలుగు లెక్చరర్ ఉన్నారు, ఆయన పట్టుకున్నారు. డెబ్బై దాటినాయన ఈ క్లాసుకెందుకు వచ్చారని అడిగితే ‘వ్యాకరణం అన్నారు కదా బాబూ, ఎవరిదైతే ఏం’ అన్నారు.

రెండో ఆదివారం కోసమే ఈ క్లాసుకి వెళ్లొచ్చు, కాబట్టి అది కాస్త వివరంగా రాస్తాను. అందరం కాలవ లాకుని ఆబ్జెక్ట్‌గా రాశాం. లోపల రెండే: నీటి మట్టం, దాన్ని ఒకటి పెంచే మెథడ్.

లాకు = [ మట్టం = సిగ్మా(నే) 3,
పెంచు = సిగ్మా(నే) నే.మట్టం ← సిగ్మా(కొత్త) నే.మట్టం + 1 ]

(బాణం గుర్తు అంటే మెథడ్‌ని మార్చడం. అంకెలు, కూడికలు అసలు కాల్క్యులస్‌లో ఉండవు, అరువు తెచ్చుకున్నాం.) పిలవడానికి రూలు ఒక్కటే: మెథడ్ ఒళ్లు తీసుకో, అందులో ‘నే’ ఉన్న చోటల్లా మొత్తం ఆబ్జెక్ట్‌ని ఎత్తి పెట్టు. మార్చడానికి రూలు: ఆ ఒక్క మెథడ్ మార్చిన కొత్త ఆబ్జెక్ట్ ఇచ్చెయ్, పాతది అలాగే ఉంటుంది. లాకు.పెంచు.పెంచు.మట్టం చేత్తో వేసుకుంటూ పోతే 5 వస్తుంది. వచ్చింది కూడా, కానీ పదకొండు మందిలో ముగ్గురికే. మిగిలినవాళ్లం రెండో వైపు నే.మట్టం బదులు కొత్త.మట్టం + 1 అని రాశాం. చదవడానికి అదే సబబుగా ఉంటుంది కదా, కొత్త మట్టం ఒకటి పెరగాలి. తీరా మట్టం ఎంత అని అడిగితే, కొత్త ఆబ్జెక్ట్ మట్టానికి ఒకటి కలుపు అంటుంది, ఆ కొత్త ఆబ్జెక్ట్ మట్టం ఎంత అంటే మళ్లీ దాని మట్టానికే ఒకటి కలుపు అంటుంది, ఇంక తెల్లారదు. పాత ‘నే’ వేరు, కొత్త ‘నే’ వేరు. ఇరవై నిమిషాలు కాగితం మీద గీసుకుంటే గానీ బుర్రకెక్కలేదు. తొమ్మిదేళ్లు దిస్ అని టైపు చేశాను, అది ఏ క్షణంలో ఏ ఆబ్జెక్ట్‌కి కట్టుబడుతుందో ఇంత దగ్గరగా ఒక్కసారి కూడా చూడలేదు.

అక్కడితో అయిపోలేదు. ఇంటికొచ్చి ఇదంతా పైథాన్ అనే లాంగ్వేజ్‌లో చిన్న ఇంటర్‌ప్రెటర్‌గా (కోడ్ చదువుతూ అప్పటికప్పుడు నడిపే ప్రోగ్రాం) రాశాను, రాత్రి రెండింటిదాకా, చాలా గర్వంగా. పెంచుని వెయ్యిసార్లు పిలిచి మట్టం అడిగితే రికర్షన్ ఎర్రర్‌తో కూలబడింది. ఏంటా అని చూస్తే తప్పు కోడ్‌లో లేదు. కాల్క్యులస్ రూలు ప్రకారం మెథడ్ ఒంట్లో ఉన్నది పిలిచేదాకా ఎవరూ లెక్కగట్టరు. కాబట్టి నా వెయ్యో లాకులో మట్టం అంటే 1003 అనే అంకె లేదు, ‘ముందు లాకు మట్టానికి ఒకటి కలుపు’ అనే చీటీ ఉంది. ఆ ముందు లాకులో ఇంకో చీటీ. కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో ‘పాత బాకీ వెనక పేజీ చూడుము’ అని ప్రతి పేజీలోనూ రాసుకుంటూ పోయినట్టు. పైథాన్ మామూలుగా వెయ్యి మెట్లకంటే లోతుకి దిగనివ్వదు, నాది ఒక్కో చీటీకి మూడు నాలుగు మెట్లు దిగుతుంది.

వచ్చే వారం చూపిస్తే మాస్టారు ఎంత సంతోషపడ్డారో. ‘ఇదేనయ్యా డిజైన్ అంటే! సిద్ధాంతానికి ఫీల్డూ మెథడూ ఒకటే, సొగసుగా ఉంటుంది. లాంగ్వేజ్‌కి కాదు. ఫీల్డ్ అయితే ముందు లెక్కగట్టి అంకె దాచు, మెథడ్ అయితే ఒళ్లు దాచు. ఆ తేడా నీ సింటాక్స్‌లో, అంటే రాసే తీరులో కనపడాలి’ అన్నారు. నా లాంగ్వేజ్‌లో అప్పటి నుంచి రెండు రకాల బాణాలున్నాయి. ఈ ఒక్క ముక్క కోసం నేను మూడు వేలైనా ఇచ్చేవాణ్ని.

మూడో వారం క్లాసులు. క్లాసు అంటే కొత్త వస్తువేం కాదు, కొత్తది అనే మెథడ్ ఉన్న ఇంకో ఆబ్జెక్ట్, అంతే. మెథడ్ ఒళ్లన్నీ ‘నే’ని బయటి నుంచి తీసుకునే ఫంక్షన్లుగా అందులో పడి ఉంటాయి. కొత్తది అనగానే వాటిని ఏరి ఒక ఆబ్జెక్ట్‌గా కట్టి ఇస్తుంది. ఇన్‌హెరిటెన్స్ అంటే పక్క క్లాసులోంచి ఆ ఫంక్షన్లు తెచ్చుకోవడం. ఆత్రేయపురం కుర్రాడొకడు ‘అంటే పూతరేకుల కుండ లాంటిదన్నమాట, రేకులు తీసేదే గానీ అదీ కుండే కదండి’ అన్నాడు. అందరం నవ్వాం గానీ అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. అసలు క్లాసే వద్దనుకుంటే ఉన్న ఆబ్జెక్ట్‌ని నకలు తీసుకుని మార్చుకోవచ్చు. ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లు, ఒక గేటు రాసి 174 నకళ్లు తీస్తే సరిపోతుంది. 1980లలో వచ్చిన సెల్ఫ్ అనే లాంగ్వేజ్ ఆ దారిలో వెళ్లింది, 1995లో జావాస్క్రిప్ట్ దాని పోలికలతోనే పుట్టింది. మనం రోజూ తిట్టుకునే ప్రోటోటైపులు అక్కడివే. ఫంక్షన్లు ఎలా వస్తాయో కూడా అదే రోజు చెప్పారు: ఆర్గ్యుమెంట్‌కి ఒక గడి, జవాబుకి ఒక గడి ఉన్న ఆబ్జెక్టే ఫంక్షన్, మొదటి గడి నింపి రెండోది పిలవడమే. బాగుంది గానీ అప్పటికి ఒంటిగంట దాటింది, ఆకలి, సగం బుర్రకెక్కలేదు.

నాలుగు, అయిదు వారాలు టైపులు, అంటే ఏది ఏ రకం వస్తువో ముందే చెప్పే గుర్తులు. ఇక్కడే ఇద్దరు మానేశారు. నాకైతే ఇదే అసలు రుచి. ఎక్కువ మెథడ్లున్న ఆబ్జెక్ట్‌ని తక్కువ అడిగే చోట ఇచ్చెయ్యొచ్చు, అదే సబ్ టైపు, ఇంతవరకు అందరికీ తెలిసిందే. మరి గడి లోపలి టైపుని కూడా అలా చిన్నది చెయ్యొచ్చా? మా ఊరి లెక్కలో: చక్కెరకేళి అరటే. మరి ‘చక్కెరకేళి గెల వేసిన బండి’ని ‘అరటి గెల వేసిన బండి’ అనుకుని ఎవరికైనా అప్పగించొచ్చా? తీసుకునేవాడు గెల చూసి ఊరుకుంటే ఏ ఇబ్బందీ లేదు. వాడు దాన్ని దించి కర్పూరం గెల వేశాడనుకోండి. వాడి దృష్టిలో తప్పేం లేదు, అరటి బండిలో అరటే వేశాడు.

లెక్చరర్ గారు మంచి ప్రశ్న అడిగారు. ‘మార్చితే కొత్త ఆబ్జెక్ట్ వస్తుందన్నారు కదా, పాత బండి పాతలాగే ఉంటుంది, ఇంక నష్టం ఎవరికి?’ నేనూ అదే అనుకుంటున్నాను లోపల. మాస్టారు బండికి ఇంకో మెథడ్ రాశారు, ధర అని. అది నే.గెలని పిలిచి, చక్కెరకేళికి మాత్రమే ఉండే ఒక మెథడ్‌ని వాడుతుంది. కొత్త బండిలో కూడా ధర మెథడ్ పాతదే, దాని ‘నే’ మాత్రం ఇప్పుడు కర్పూరం వేసిన బండి. ధర అడగ్గానే కర్పూరం గెల దగ్గర లేని మెథడ్ కోసం వెతుకుతుంది, పేలుతుంది. అంటే బయటివాడికి కాదు, బండి తన లోపలే తనని నమ్మలేదు. అందుకే మార్చగలిగే గడి టైపు పైకీ కదలకూడదు, కిందకీ కదలకూడదు. చదవడానికే అని గుర్తు పెడితే అప్పుడు కదలొచ్చు.

దీన్ని పట్టించుకోకపోతే ఏమవుతుందో జావా అరేల్లో (ఒకే టైపు విలువల వరసల్లో) ఉంది. స్ట్రింగ్ (అక్షరాల) అరేని ఆబ్జెక్ట్ అరే అని చెప్పి పంపితే కంపైలర్ (కోడ్‌ని నడిపే ముందే తనిఖీ చేసి మార్చే ప్రోగ్రాం) కిక్కురుమనదు. అందులో ఒక ఇంటిజర్ (అంకె) పెట్టబోతే నడిచేటప్పుడు అరే స్టోర్ ఎక్సెప్షన్ అనే ఎర్రర్. ఆ ఎక్సెప్షన్ నేను ఆఫీసులో ఒకసారి తిని, రెండు రోజులు తిరిగి, ఎవరో టైపు మార్చే కాస్ట్ అనే ముక్క తప్పుగా రాశారని సర్దుకున్నాను. తప్పు చేసింది ఎవరో కాదు, లాంగ్వేజే. ఐఫిల్ అనే లాంగ్వేజ్‌లో ఆర్గ్యుమెంట్ల దగ్గర ఇలాంటి కంతే ఉందని విలియం కుక్ అనే పరిశోధకుడు 1989లోనే చూపించాడట. అంటే పెద్దపెద్దవాళ్లు కూడా ఇక్కడ జారారు, మనం జారడంలో వింతేముంది.

ఇప్పుడు ఫిర్యాదులు.

ఒకటి, ఆరో ఆదివారం. ‘నే’ టైపు అనే విషయం ఉంది, మొత్తం కోర్సులో కష్టమైంది అదే. మన లాకులో పెంచు ఇచ్చేది లాకునే కదా. రంగు అనే గడి అదనంగా ఉన్న రంగులాకు చేస్తే, దాని పెంచు రంగులాకుని ఇవ్వాలి. పైన చెప్పిన కదలని గడి రూలు ప్రకారం రంగులాకు అసలు లాకుకి సబ్ టైపే కాకుండా పోతుంది! పెంచుని చదవడానికే అని గుర్తు పెడితే ఆ చిక్కు తీరుతుంది, కానీ పాత పెంచు కోడ్‌ని యథాతథంగా తెచ్చుకుంటే అది లాకునే ఇస్తానంటుంది, రంగు మర్చిపోతుంది. దానికి ‘నే’కే ఒక టైపు కావాలి, ఎవరు తెచ్చుకుంటే వాళ్ల టైపుగా మారేది. ఇంత సరుకుని నలభై నిమిషాల్లో ముగించారు, ఎందుకంటే ఆ రోజు మాస్టారు ఏదో గృహప్రవేశానికి వెళ్లి పదకొండింటికి వచ్చారు. ‘ఏమనుకోకండి, భోజనం చేసి వెళ్లమన్నారండి’ అని పూర్ణాలు కూడా తెచ్చారు. పూర్ణాలు బాగున్నాయి. ‘నే’ టైపు మాత్రం నాకు ఇంటికొచ్చాక పది రోజులు పట్టింది.

రెండు, కరపత్రం. అందులో ‘కంపైలర్ తయారీ’ అని అచ్చేశారు. చేయించింది ఇంటర్‌ప్రెటర్, టైపు చెకర్. అడిగితే ‘ఆరు వారాల్లో కంపైలర్ ఎక్కడవుతుందయ్యా’ అన్నారు. మరి ఎందుకు వేశారండి అంటే ‘ప్రెస్సాయన కింద ఖాళీ మిగిలిందన్నాడు’ అన్నారు. దీని మీద నాకు నిజంగానే కోపం వచ్చింది. కంపైలర్ కోసమే వచ్చిన ఇద్దరు బీటెక్ కుర్రాళ్లు ఉన్నారు, వాళ్లకి 6,000 అంటే చిన్న డబ్బు కాదు. వెయ్యి చొప్పున వెనక్కిచ్చారని తర్వాత తెలిసింది, అడిగితేనే.

మూడు, జిరాక్సులు. సిగ్మా గుర్తు సగం చోట్ల ‘5’లా పడింది. నాలుగో వారం ఒక రూలుని నేను మూడు రోజులు తప్పుగా చదువుకున్నాను, అందులో 5 ఎందుకొచ్చిందా అని.

కరెంటు పోతే జనరేటర్ లేదు, కింద కొట్టులో ఎండుకొబ్బరి వాసన పన్నెండు తర్వాత తలకెక్కుతుంది, బాత్‌రూమ్ గురించి అడక్కండి. టీ మాత్రం రెండుసార్లు ఇస్తారు, మధ్యలో పక్క హోటల్ నుంచి ఉప్మా పెసరట్టు ఎవరి డబ్బుతో వాళ్లం తెప్పించుకున్నాం.

ఎవరికి పనికొస్తుందో చెబుతాను. ప్రోగ్రామింగ్ రానివాళ్లు వెళ్లొద్దు. ఉద్యోగం కోసం ఫలానా ఫ్రేమ్‌వర్క్ నేర్చుకోవాలనేవాళ్లకీ వద్దు, రెజ్యూమెలో ‘సిగ్మా కాల్క్యులస్’ అని రాస్తే మన దగ్గర హెచ్‌ఆర్ వాళ్లు అదేదో మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్ అనుకుంటారు. నాలుగైదేళ్లు ఏదో ఒక ఆబ్జెక్ట్ లాంగ్వేజ్‌లో పని చేసి, కంపైలర్ ఎర్రర్లతో వాదించి ఓడిపోయినవాళ్లు తప్పకుండా వెళ్లండి. ఇంట్లో కూర్చుని చదువుకుందామంటే జావా క్లాసులనే ముందు పెట్టుకుని నడిచే ఫెదర్‌వెయిట్ జావా అనే చిన్న సిద్ధాంతం కూడా ఉంది, 1999లో వచ్చింది, మనకి అలవాటైన రూపంలో ఉంటుంది కాబట్టి అది తేలిగ్గా అనిపించొచ్చు. కానీ అందులో క్లాసు ముందే ఉంటుంది. ఆబ్జెక్ట్ ఒక్కటే ఉన్న చోట నుంచి క్లాసు ఎలా పుడుతుందో చూడాలంటే ఈ దారే.

నా లాంగ్వేజ్ ఇప్పుడు నడుస్తోంది. పేరు లాకు అనే పెట్టాను. కీవర్డ్‌లు తెలుగులోనే. పదివేలసార్లు పెంచు అన్నా కూలట్లేదు. రంగులాకుని లాకు అడిగిన చోట ఇస్తే తీసుకుంటోంది, కర్పూరం గెల మాత్రం వెయ్యనివ్వట్లేదు. మొన్న ఆఫీసులో ఒక కుర్రాడు ‘ఈ లిస్టుని ఆ లిస్టుగా ఎందుకు పంపనివ్వడంలేదండి, జావా పిచ్చిదా’ అని కాల్ చేస్తే అరగంట అరటిపళ్ల గురించి చెప్పాను. వాడిది హైదరాబాదు, చక్కెరకేళి అంటే ఏంటో తెలీదు, అది వేరే అరగంట.

మొత్తం మీద అయిదుకి నాలుగు ఇద్దామనుకున్నాను, కరపత్రం గుర్తొచ్చి మూడున్నర. తర్వాత బ్యాచ్ సంక్రాంతి అయ్యాక అంటున్నారు, ఫీజు పెంచుతారేమో తెలీదు. డబ్బు కట్టే ముందు ఆరో ఆదివారం పూర్తిగా ఉంటుందా అని మొహం మీదే అడగండి, ఏమీ అనుకోరు. వెళ్తే తొమ్మిదింపావుకే వెళ్లి కిటికీ పక్క వరస పట్టుకోండి, ఆ తిరిగే ఫ్యాను అటే ఉంది.